ఫోల్మర్ తీసేసిన కూత

మా రేవు ఊరు నోర్విగ్‌లో ఫోల్మర్ బిస్గోర్ అంటే ఇష్టపడే మనిషి ఒక్కరూ లేరంటే అబద్ధమవుతుంది. వాళ్ళమ్మ ఉండేది. ఆవిడ పోయాక మాత్రం ఆ మాట నిజమే.

ముప్పై ఆరేళ్ళు రేవు వీధిలో టీవీలు బాగుచేసే కొట్టు నడిపాడు. ఎవరైనా టీవీ మోసుకొస్తే ముందు టీవీ వంక కాదు, మోసుకొచ్చిన మనిషి వంక చూసేవాడు, దీనికి ఇంత దుమ్ము పట్టించిన మహానుభావుడు ఎవడా అని. "దీనికేం జబ్బు లేదు. దీన్ని ఇంట్లో పెట్టుకున్నవాళ్ళకే ఉంది," అనేవాడు. బాగు మాత్రం చేసేవాడు, అది కాదనను. అతని చేతిలో పడ్డ టీవీ మళ్ళీ మొరాయించడం ఎవరూ చూడలేదు. పెళ్ళి చేసుకోలేదు. ఒకావిడ మూడేళ్ళు కలిసి ఉండి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు రొట్టెల కొట్లో నిలబడి అందరూ వినేలా అంది: "టీవీలో ఎవరి ముఖమో వంకరగా కనిపిస్తే ఆ మనిషికి నిద్రపట్టదు. ఎదురుగా నేను కూర్చుని ఏడుస్తుంటే మాత్రం శుభ్రంగా పడుతుంది." ఊరంతా ఆ మాటను ఏళ్ళ తరబడి చప్పరించింది.

తర్వాత పలచటి టీవీలు వచ్చాయి. చెడిపోతే బాగుచేయించడం మానేసి జనం వాటిని చెత్తకుప్పలో పడేయడం మొదలుపెట్టారు. కొట్టు మూతపడింది. అరవై ఎనిమిదో ఏట ఫోల్మర్‌కి ఏం చేయాలో తోచక, ఊరి చరిత్ర సంఘంలో చేరాడు.

సంఘమంటే ఏముంది, మూతబడ్డ బడి కింద నేలమాళిగలో రెండు గదులు. ప్రతి మంగళవారం మధ్యాహ్నం తెరుస్తారు. పాత ఫొటోలు, చర్చి లెక్కల పుస్తకాలు, మునిగిపోయిన పడవల పేర్ల జాబితాలు. సంఘానికి పెద్ద రెగ్నార్, ఆ బడికే ఒకప్పటి హెడ్మాస్టరు. బడి మూసేసినప్పుడు బల్లలు, కుర్చీలు, గంట అన్నీ వేలం వేశారు గానీ రెగ్నార్‌ని కదపడం ఎవరివల్లా కాలేదు. పై అంతస్తు పోతే పోయిందని నేలమాళిగకి దిగి అక్కడ ఏలుబడి మొదలుపెట్టాడు. కాఫీ పెట్టే గున్వోర్ మొదలుకుని అందరూ అతనికి ఇంకా విద్యార్థులే.

నోర్విగ్‌లో ప్రతి అటకమీదా ఎనిమిది మిల్లీమీటర్ల ఫిల్ము డబ్బాలు ఉండేవి. హెరింగ్ చేపలు బాగా పడ్డ రోజుల్లో ప్రతి జాలరీ ఒక చిన్న కెమెరా కొన్నాడు మరి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కిద్దామని రెగ్నార్ ఒక స్కానరు తెప్పించాడు. ఇళ్ళల్లో వాడుకునే రకం, చెప్పుల డబ్బా అంత ప్లాస్టిక్ పెట్టె. ఫిల్ము అంచున ఉండే రంధ్రాల్లో ఒక చిన్న కొక్కెం దూరి, ఒక్కో బొమ్మనే ముందుకు లాగి చిన్న కిటికీలో నిలబెడుతుంది. కింద దీపం వెలుగుతుంది, పైన కన్ను ఫొటో తీస్తుంది. మూడు నిమిషాల ఫిల్ముకి అరగంట పడుతుంది.

మొదటి ఫిల్ము చూసి రెగ్నార్ పొంగిపోయాడు. "అదిగో చూడండి, మన రేవు!"

"రేవా? బఠానీల చారు ఒలికిందేమో అనుకున్నాను," అన్నాడు ఫోల్మర్.

గున్వోర్ నవ్వు ఆపుకోలేక కాఫీ కుండతో సహా పక్కగదిలోకి పోయింది. కానీ ఫోల్మర్ అన్నది నిజమే. బొమ్మల్ని చిన్న చోట ఇరికించాలని ఆ పెట్టె వాటిని బట్టలు పిండినట్టు పిండేసేది. ఆకాశమంతా గళ్ళు పడేవి. తలల చుట్టూ తెల్లటి గీత వచ్చి, తాగుబోతు జాలర్లందరూ చర్చి గోడమీది పునీతుల బొమ్మల్లా కనిపించేవారు. వెలుగు ఉన్నట్టుండి పెరిగేది, తగ్గేది. రెగ్నార్‌కి ఇవేం పట్టలేదు. ఫోల్మర్‌కి ఒళ్ళంతా జెర్రులు పాకినట్టయింది.

పెట్టెను ఇంటికి పట్టుకుపోయాడు. లోపల ఏది ఎప్పుడు ఎలా చేయాలో పెట్టెకి చెప్పే ప్రోగ్రాం ఒకటుంటుంది, ఫర్మ్‌వేర్ అంటారు. దాన్ని తయారుచేసినవాళ్ళు తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు. ముట్టుకోకూడదు అన్నది ఫోల్మర్‌కి ఏనాడూ అర్థమైన మాట కాదు. ఇంటర్నెట్‌లో ఇదే పిచ్చి ఉన్నవాళ్ళు ఇంకో ఇరవై మంది దొరికారు. వాళ్ళలో పోలండులో ఒక రిటైరయిన రైల్వే ఇంజనీరు ఉండేవాడు, అతనితోనే ఎక్కువ మాట్లాడేవాడు. ఆ ప్రోగ్రాంని తెరిస్తే వేలకు వేలు అంకెల వరసలు, అంతే. వాటిలో ఏ అంకె ఏం చేస్తుందో ఒక్కోటీ మార్చి చూసి కనిపెట్టాలి. మార్చినదాన్ని మెమరీ కార్డులో వేసి పెట్టెకి తినిపిస్తే, దాని తెర నల్లబడి పది నిమిషాలు దీపం మిణుకుమిణుకుమంటుంది. ఆ పది నిమిషాలూ దాన్ని తాకకూడదు, దగ్గకూడదు అన్నట్టు కూర్చోవాలి. మొదటి పెట్టె ఆ మిణుకు మధ్యలోనే చచ్చింది. మళ్ళీ లేవలేదు. తన డబ్బుతో ఇంకోటి తెప్పించి సంఘంలో ఎవరికీ చెప్పలేదు.

ఏడు వారాలకి దొరికింది. బొమ్మను ఎంత గట్టిగా పిండాలో చెప్పే అంకె ఒకటి. దాన్ని సగానికి సగం తగ్గించాడు. తెల్లగీతలు తెచ్చే అంకెను సున్నా చేశాడు. వెలుగును ఒకచోట కట్టేశాడు. అదే ఫిల్మును మళ్ళీ ఎక్కించి చూస్తే, బుట్టలో హెరింగ్ చేపల పొలుసులు లెక్కపెట్టొచ్చు. ఫోల్మర్ ఒక్కడే కుర్చీలో కూర్చుని చేతులు నలుపుకుంటూ నవ్వాడు. అతను అలా నవ్వడం ఎవరూ చూడలేదు గనక చెప్పేవాళ్ళు లేరు, నేనే ఊహించి చెబుతున్నాను.

నవంబరులో ఊరి హాల్లో సినిమా సాయంత్రం పెట్టారు. నూట ఇరవై మంది వచ్చారు. తెరమీద 1968 రేవు పండగ పడింది. "అరె, మా నాన్నమ్మ చెవిదగ్గర పుట్టుమచ్చ!" అని ఒకరు అరిచారు. "మా పడవ మీద నంబరు చూడండ్రా!" అని ఇంకొకరు. జనం చప్పట్లు కొట్టారు. డెబ్బై ఒకటో ఏట ఫోల్మర్‌ని జీవితంలో మొదటిసారి పేరు పెట్టి మెచ్చుకున్నారు. అతనికి అది సారాకంటే ఎక్కువ కిక్కు ఎక్కింది.

అదే ఫిల్ములో నాలుగు సెకన్లు ఇంకో బొమ్మ ఉంది. రెగ్నార్ భార్య తోవె, ఈ సినిమా సాయంత్రానికి ఆమె పోయి పదేళ్ళయింది, గుంపులో నిలబడి బ్యాండు మేళం వంక చూస్తూ ఉంటుంది. ఆమె నడుము వెనక ఒక చెయ్యి. పాత స్కానింగులో అక్కడ మసక తప్ప ఏమీ లేదు. ఇప్పుడు ఆ చేతి మీది లంగరు పచ్చబొట్టు కూడా తేటగా కనిపించింది. లంగరు పచ్చబొట్టు చేపల వ్యాపారి మొయెన్స్‌ది, ఊళ్ళో అందరికీ తెలుసు. తర్వాత వెనక వరసలో ఎవడో ముక్కుతో నవ్వాడు. అంతే, హాలంతా గొల్లుమంది.

ఫోల్మర్ ఆ బొమ్మను ముందే చూడలేదా అని మీరు అడగొచ్చు. చూశాడు. నాలుగుసార్లు చూశాడు. పచ్చబొట్టు ఇంత బాగా వచ్చిందే అని మురిసిపోయాడు. తీసేయాలన్న ఆలోచనే రాలేదు, ఆ మనిషి అంతే. రెగ్నార్ మాత్రం ఎప్పటిలాగే లేచి నిలబడి, పాటల పుస్తకం తెరిచి, ముగింపు పాట అన్ని చరణాలూ పాడించాడు. గొంతు ఒక్కచోట కూడా వణకలేదు.

తర్వాతి మంగళవారం నుంచి రెగ్నార్ కక్ష మొదలైంది. అతను అరవలేదు, తిట్టలేదు. బళ్ళో నలభై ఏళ్ళు పిల్లల్ని ఎలా నలిపాడో అలాగే నలిపాడు, నవ్వుతూ.

పాత ఫిల్ములు ఏళ్ళ తరబడి ఎండి కుంచించుకుపోయి ఉంటాయి. రంధ్రం ఉండాల్సిన చోట ఉండదు. అలాంటప్పుడు పెట్టె చప్పున ఆగిపోయి కీచుమని కూసేది. ఎవరో ఒకరు వచ్చి ఫిల్మును సర్ది మీట నొక్కాలి, అప్పుడు మళ్ళీ కదిలేది. రెగ్నార్ నల్లబల్ల ఒకటి గోడకి తగిలించి, కూసిన ప్రతిసారీ సుద్దముక్కతో ఒక గీత గీసేవాడు.

"ఇవాళ్టికి పంతొమ్మిది," అనేవాడు వచ్చిన వాళ్ళకి చూపిస్తూ. "మన ఫోల్మర్ ఇంత తెలివిగల పెట్టెను తయారుచేశాడు, కానీ దానికింకా పాలపీక మానలేదు. ఏమోయ్ ఫోల్మర్, ఒక ఆయాని పెట్టిద్దామా దానికి? గున్వోర్‌కి పిల్లల్ని పెంచిన అనుభవం ఉంది."

జనం నవ్వేవాళ్ళు. సినిమా సాయంత్రం చప్పట్లు కొట్టిన చేతులే ఇప్పుడు నోటికి అడ్డం పెట్టుకునేవి. డెబ్బై ఏళ్ళు ఎవరి మెప్పూ లేకుండా బతికినవాడికి అది లేని లోటు తెలియదు. ఒక్కసారి రుచి చూపించి లాక్కుంటేనే తెలుస్తుంది.

ఇంటికి పోయి ఆ అంకెల వరసల్లో మళ్ళీ పడ్డాడు. రంధ్రం చోటు తప్పితే ఆగమని చెప్పే ముక్క ఎక్కడుందో కనిపెట్టాడు. పోలండు ఇంజనీరు వద్దన్నాడు. "అది దానికి కళ్ళు పెట్టిన చోటు. పీకేస్తే గుడ్డిది నడిచినట్టు నడుస్తుంది. నేనైతే ముట్టుకోను," అని రాశాడు. ఫోల్మర్ జవాబుగా "ముట్టుకోకు మరి" అని రాసి ఆ సంభాషణ మూసేశాడు. ఆ చోట ఉన్న అంకెలన్నీ తుడిచి, పట్టించుకోకుండా ముందుకు పొమ్మని పెట్టాడు.

తర్వాతి మంగళవారాల్లో వరసగా పదకొండు ఫిల్ములు ఎక్కించాడు. ఒక్క కూత లేదు. అక్కడక్కడా బొమ్మ కొంచెం ఎగిరేది, అంతే. నల్లబల్ల ఖాళీగా ఉంది. రెగ్నార్ సుద్దముక్క చేతిలో పట్టుకుని తిప్పుతూ కూర్చునేవాడు. ఫోల్మర్ అతని ముందునుంచి పనిలేకపోయినా నాలుగుసార్లు నడిచేవాడు.

అప్పుడొచ్చింది హెర్డిస్.

డెబ్బై ఏడేళ్ళ మనిషి. చేపల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు చేపలు కోసి వేళ్ళు వంకర్లుపోయాయి. ఫ్యోర్డు, అంటే నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, దాని గట్టున చిన్న ఇంట్లో ఒక్కతే ఉంటుంది. కూరగాయల సంచిలోంచి ఒక తగరపు డబ్బా తీసి, ఫోల్మర్ బల్లమీద పెట్టి, చెయ్యి మాత్రం దానిమీదే ఉంచింది.

"ఇది నేనింతవరకూ ఎవరికీ ఇవ్వలేదు."

డబ్బామీద పెన్సిలుతో 'యెప్పె, సెప్టెంబరు' అని రాసి ఉంది. ఆ పేరు వినగానే గదిలో ఉన్నవాళ్ళు తలలు దించుకున్నారు. యెప్పె ఆమె కొడుకు. ఒక్కడే. 1974 డిసెంబరులో ఫ్యోర్డు మీద గడ్డకట్టిన మంచు విరిగి నీళ్ళలో మునిగిపోయాడు. ఏడేళ్ళవాడు.

"ఆ సెప్టెంబరులో ఆక్సెల్ తీశాడు దీన్ని," అంది హెర్డిస్. ఆక్సెల్ ఆమె భర్త. "కడగడానికి పోస్టులో పంపాం. తిరిగొచ్చేసరికి వాడు లేడు. ఆక్సెల్ కవరు కూడా సరిగ్గా చింపలేదు. పడవల కొట్టం అటకమీద దాచేశాడు. నాకు కనపడనివ్వలేదు. ఆయన పోయాక నాలుగేళ్ళ క్రితం దొరికింది."

"ఎవరూ చూడలేదా?" అన్నాడు ఫోల్మర్.

"ఎవరూ చూడలేదు. ఆక్సెల్ ఒక్కసారి తాగి చెప్పాడు, తీస్తున్నప్పుడు ఏం చూశాడో. వాడు గట్టుమీద నడుచుకుంటూ పోతుంటాడట, వీపు మనవైపు. ఈయన పేరుపెట్టి పిలుస్తాడట. వాడు వెనక్కి తిరిగి నవ్వుతాడట." హెర్డిస్ డబ్బామీది చెయ్యి తీసింది. "నా దగ్గర ఫొటోలు ఉన్నాయి. కానీ వాటిని చూసీ చూసీ నాకు ఫొటోల్లో ముఖమే మిగిలింది, కదిలే ముఖం పోయింది. కళ్ళు మూసుకుంటే రావట్లేదు. నాకు అది ఒక్కసారి కావాలి. నువ్వు చేసిన బొమ్మల్లో మా అమ్మ వేలికున్న ఉంగరం కనిపించింది. అందుకని నీకు తెచ్చాను."

ఫోల్మర్ డబ్బా మూత తీశాడు. పుల్లటి వాసన గుప్పుమంది. అంచులు అలలు అలలుగా వంగి ఉన్నాయి. అలాంటి ఫిల్మును ముందు చేత్తో, అంగుళం అంగుళం తిప్పి చూడాలి. అతనికి తెలుసు. నోర్విగ్‌లో అది తెలిసిన మనిషి అతనొక్కడే.

"వచ్చే మంగళవారం రా. నీ ముందే ఎక్కిస్తాను," అన్నాడు.

ఆ మంగళవారమే రెగ్నార్ ఎనభయ్యో పుట్టినరోజు అయింది. పొడవాటి బల్లమీద చిన్న చిన్న జెండాలు, మధ్యలో బాదం చల్లిన పెద్ద కేకు. మా ఊళ్ళో కాఫీ మూడింటికంటే మూడింటికే. పుట్టినరోజు నాడు బల్లదగ్గరికి రాని మనిషిని మళ్ళీ పుట్టినరోజు దాకా క్షమించరు. రెండూ యాభై దాటింది. ఫోల్మర్ పక్కగదిలో ఫిల్ము ఎక్కించి, కొక్కెం రంధ్రంలో కూర్చుందో లేదో చూస్తున్నాడు. హెర్డిస్ పక్కనే కోటు విప్పకుండా కూర్చుంది.

రెగ్నార్ గుమ్మంలో నిలబడ్డాడు. "కాఫీ చల్లారిపోతోందోయ్. ఏం, ఆయా లేకపోతే ఉండలేదా నీ పెట్టె?"

"నువ్వు ఇక్కడే ఉండు ఫోల్మర్, ఆయన ఏమీ అనుకోడు," అంది హెర్డిస్.

ఫోల్మర్ చెవులు ఎర్రబడ్డాయి. "దీనికి ఎవరూ అక్కర్లేదు," అని మీట నొక్కి లేచాడు. "రా హెర్డిస్. అరగంటలో అదే అయిపోతుంది."

వెళ్ళి కూర్చున్నారు. ముందు పాటలు. రెగ్నార్ తొమ్మిది చరణాల పాట ఎంచుకున్నాడు, తొమ్మిదీ పాడించాడు. గున్వోర్ కాఫీ పోసింది. కేకు ముక్కలు పళ్ళేల్లోకి వచ్చాయి. ఫోల్మర్ పక్కగది వైపు చెవి పెట్టి వింటూ కూర్చున్నాడు. టిక్కు టిక్కుమన్న చప్పుడు తప్ప ఏమీ లేదు. మధ్యలో ఒకసారి ఆ చప్పుడు కొంచెం మారినట్టనిపించింది. లేవబోయాడు. అప్పుడే రెగ్నార్ నవ్వుతూ అతని వంక చూశాడు. మళ్ళీ కూర్చున్నాడు.

"నిజం చెప్పొద్దూ," అన్నాడు రెగ్నార్ రెండో కప్పు అయ్యాక, "ఇవాళ ఒక్క కూతా లేదు. ఓడిపోయాను, ఒప్పుకుంటున్నాను." లేచి నల్లబల్లమీద పెద్ద సున్నా చుట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. హెర్డిస్ కూడా తన వంకర వేళ్ళతో కొట్టింది. ఫోల్మర్‌కి కన్ను చెమర్చింది, పుట్టి బుద్ధెరిగాక అంత సంతోషం అతనికి లేదు.

తర్వాత అతనూ హెర్డిసూ పక్కగదిలోకి వెళ్ళారు.

పెట్టె ఇంకా టిక్కు టిక్కుమంటూనే ఉంది. కింద బల్లమీద బూడిదలాంటి పొడి సన్నగా కుప్పపడి ఉంది. అవతలి చక్రానికి ఫిల్మంతా చుట్టుకుని ఉంది, కానీ అది తెల్లగా ఉంది, కిటికీ అద్దంలా. ఫోల్మర్ దాన్ని వేళ్ళతో పట్టుకుని దీపానికి ఎదురుగా పెట్టాడు. అవతలి గోడ కనిపించింది.

జరిగింది అతనికి ఒక్కచూపులో అర్థమైంది. పెళుసెక్కిన చోట ఫిల్ము చీలి, ఒక చిన్న ముక్క కిటికీలో అడ్డంగా ఇరుక్కుంది. అవతలి చక్రం మిగతాదాన్ని దాని కిందనుంచి లాక్కుపోయింది. విరిగిన అంచు కత్తిలా నిలబడి, చెమ్మకి మెత్తబడిన బొమ్మల పొరను అక్కడినుంచి చివరిదాకా గీకేసింది. మొదటి తప్పుడు రంధ్రం దగ్గరే పెట్టె ఆగి కూయాల్సింది.

"ఈ పొడి ఏంటి?" అంది హెర్డిస్.

ఫోల్మర్ ఫిల్మును బల్లమీద పెట్టేశాడు.

రెగ్నార్ వెనకనుంచి వచ్చి చూశాడు. అతనికీ అర్థమైంది. ముఖం పాలిపోయింది. వెంటనే బడిపెద్ద గొంతు తెచ్చుకుని, "హెర్డిస్, అది ముందే పాడైపోయి ఉంది. అంత పాత ఫిల్ము, వాసన చూశావుగా. ఎవరి తప్పూ కాదు," అన్నాడు.

"పోయినేడాది మా చెల్లెలి ఫిల్ము ఎక్కించినప్పుడు అస్తమానం ఆగి కూసేది," అంది హెర్డిస్. "ఇవాళ ఎందుకు కూయలేదు?"

"నేనే తీసేశాను," అన్నాడు ఫోల్మర్.

"ఎందుకు తీశావ్?"

ఫోల్మర్ రెగ్నార్ వంక చూశాడు. రెగ్నార్ తన బూట్ల వంక చూసుకున్నాడు. గుమ్మంలో నోట్లో కేకుముక్కలతో పది మంది నిలబడి ఉన్నారు.

"కూసినప్పుడల్లా నవ్వుతున్నారని," అన్నాడు.

"నవ్వితే నవ్వనివ్వాల్సింది," అంది హెర్డిస్. సంచిలోంచి చేతిరుమాలు తీసి, బల్లమీది పొడినంతా వంకర వేళ్ళతో జాగ్రత్తగా అందులోకి ఊడ్చుకుని, మూటకట్టి, సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఎవరి సాయమూ తీసుకోలేదు.

ఊరు ఊరుకుంటుందా? రొట్టెల కొట్లో ఫోల్మర్ అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి, బయటికి రాగానే మళ్ళీ మొదలయ్యేవి. "ఆ పిల్లాణ్ణి ఒకసారి ఫ్యోర్డు తీసుకుంది, రెండోసారి ఫోల్మర్ తీసుకున్నాడు," అన్నారట. అన్నది గున్వోరే. ఫిల్ములు తెచ్చినవాళ్ళంతా డబ్బాలు వెనక్కి పట్టుకుపోయారు. రెగ్నార్ సంఘం పత్రికలో నాలుగు వాక్యాలు రాశాడు, 'మా సభ్యుడొకరు ఎవరి అనుమతీ లేకుండా చేసిన మార్పుల వల్ల' అని మొదలుపెట్టి. తన నల్లబల్ల గురించి అందులో ఏమీ లేదు. ఫోల్మర్ ఆ తెల్లటి ఫిల్మును కోపెన్‌హాగన్‌లో ఒక పెద్ద ప్రయోగశాలకి పట్టుకెళ్ళాడు. అక్కడి మనిషి భూతద్దం పెట్టి చూసి, "ఇది వట్టి ప్లాస్టిక్ రిబ్బను. దీన్ని మోసుకుని ఇంత దూరం ఎందుకొచ్చారు?" అన్నాడు.

మూడు వారాలకి హెర్డిస్ ఫోన్ చేసింది.

"పెట్టె ఆ రోజు ఆగలేదు కదా. మరి ఏదో ఫొటోలు తీసే ఉంటుంది. నీ దగ్గరే ఉన్నాయి కదూ?"

ఫోల్మర్ కార్డు పెట్టిన సొరుగు వంక చూశాడు.

"ఆదివారం పట్టుకురా," అని పెట్టేసింది.

పట్టుకెళ్ళాడు. హెర్డిస్ కాఫీ ఇవ్వలేదు. మా వైపు ఇంటికొచ్చినవాడికి కాఫీ ఇవ్వకపోవడమంటే చెప్పుతో కొట్టినట్టే. టీవీ ఎదురుగా రెండు కుర్చీలు పక్కపక్కనే వేసి ఉన్నాయి. అతను కార్డు పెట్టి ఆన్ చేశాడు.

మొదటి ఇరవై రెండు సెకన్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. గట్టు, నీళ్ళమీద ఎండ, రెండు సీగల్ పిట్టలు. నీలం స్వెట్టరు వేసుకున్న పిల్లాడు వీపు చూపిస్తూ నడిచిపోతున్నాడు. ఒక కాలి మేజోడు జారిపోయి ఉంది. స్వెట్టరు మోచేతి దగ్గర వేసిన అతుకు కుట్లు ఒక్కోటీ విడివిడిగా కనిపిస్తున్నాయి. "అది నేనే కుట్టాను," అంది హెర్డిస్. పిల్లాడు ఆగాడు. ఎవరో పిలిచినట్టు తల తిప్పబోయాడు. చెవి కనిపించింది, బుగ్గ అంచు కనిపించింది.

అక్కడ ఆగిపోయింది. ఇరుక్కున్న ముక్క అదే. మిగతా రెండున్నర నిమిషాలూ పెట్టె ఆ ఒక్క ముక్కనే మళ్ళీ మళ్ళీ తీసింది. అదే చెవి, అదే బుగ్గ అంచు. దాని కిందనుంచి పోయిన మిగతా ఫిల్ము తాలూకు నీడలు మాత్రం సన్నటి బూడిదరంగు చారలుగా జరజరా పాకుతున్నాయి. వాడి ముఖం ఎక్కడో ఆ చారల్లోనే గీసుకుపోయింది.

హెర్డిస్ ముందుకు వంగి చూస్తోంది. ఉన్నట్టుండి, "ఆపు! వెనక్కి తిప్పు. ఇక్కడ," అంది.

ఆపాడు. ఒక చార మిగతావాటికంటే కొంచెం వెడల్పుగా ఉంది.

"వాడేనా?"

ఫోల్మర్ చూశాడు. అది గీరు. ఏ వైపు నుంచి చూసినా గీరే.

"వాడే," అన్నాడు.

"నవ్వుతున్నాడా?"

"నవ్వుతున్నాడు."

హెర్డిస్ మెల్లగా తలతిప్పి అతన్ని చూసింది. "నాకు కళ్ళు పోలేదు ఫోల్మర్. కన్నబిడ్డ ముఖమేదో, గీతేదో తెలియనంత ముసల్దాన్నీ కాలేదు. నన్ను ఏమార్చుదామనుకున్నావా?"

అతను లేవబోయాడు. ఆమె అతని మణికట్టు పట్టుకుంది. చేపలు కోసిన చెయ్యి, విడిపించుకోవడం అతనివల్ల కాలేదు.

"కూర్చో. నేను వెళ్ళమన్నానా? వాడు తిరగడం కళ్ళారా చూసిన ఆక్సెల్ పోయాడు. ఇక ఎవరూ చూడరు, నీ పుణ్యమా అని. కాబట్టి నువ్వే చూసినట్టు లెక్క. ఏం కనిపించిందో నాకు నువ్వే చెప్పాలి. ప్రతి ఆదివారం వచ్చి చెప్పు. నేను పోయేదాకా."

వెళ్ళాడు. ఏం చేస్తాడు, వెళ్ళకపోతే ఆవిడ ఫోన్ చేసేది, మోగీ మోగీ ఆగిపోయేదాకా మోగించేది. మొదటి ఆదివారాలు నవ్వుతున్నాడని చెబితే సరిపోయింది. తర్వాత ఆమెకి అది చాలలేదు. జుట్టు కళ్ళమీద పడిందా అని అడిగింది. ఎండకి కళ్ళు చికిలించాడా అని అడిగింది. అతను తడుముకుంటూ ఏదో ఒకటి చెప్పేవాడు, తప్పయితే ఆమె దిద్దేది, దిద్ది మళ్ళీ అడిగేది. కుర్చీలో వీపు నిటారుగా పెట్టుకుని, పరీక్షకి చదవని పిల్లాడిలా చెమటలు కక్కేవాడు.

ఆరో ఆదివారం పిల్లాడు ఆగాడు, తల తిప్పబోయాడు, చారలు మొదలయ్యాయి.

"నవ్వుతున్నాడు," అన్నాడు ఫోల్మర్ అడక్కుండానే.

"ఏ పన్ను ఊడి ఉంది?"

ఫోల్మర్ తెర వంక చూశాడు. బూడిద చారలు పాకుతూనే ఉన్నాయి.

"పైది," అన్నాడు.

"కింది పన్ను," అంది హెర్డిస్. "సరిగ్గా చూడు. మళ్ళీ మొదట్నించి పెట్టు."